మొదటి అంగుళం లేని టేపు

ఆ వీధిలో ఆమెను అందరూ టైలరమ్మ అనేవాళ్లు. కొత్త బట్టలు కుట్టే టైలరమ్మ అనుకునేరు, కాదు. ఆమెది మరమ్మతుల దుకాణం. ఎవరో కుట్టిన ప్యాంటు పొడవు తగ్గించడం, ఎవరో కొన్న చొక్కా నడుం బిగించడం, లావెక్కినవాళ్లకు కుట్లు విప్పి వదులు చేయడం, చిక్కిపోయినవాళ్లకు అదే బట్ట మళ్లీ లోపలికి పట్టడం. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. "జనం ఒళ్లు ఒక్కతీరుగా ఉండదు కాబట్టే నా పొయ్యి వెలుగుతోంది" అనేది. వయసు నలభై నాలుగు. పెళ్లయింది, పొసగలేదు, తిరిగి వచ్చేసింది. ఆ కథ ఇక్కడ అనవసరం.

ఇక్కడ అవసరమైనవాడు ఆమె అన్న. లేతు మిషను మీద పనిచేసిన టర్నరు. ఇనప కడ్డీని వెంట్రుకవాసి తేడా రాకుండా చెక్కేవాడు. కార్ఖానాలో అతన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు, 'మిల్లీమీటరు' అనేవాళ్లు. పెళ్లి చేసుకోమంటే "నా కొలతకు సరిపడే మనిషి ఇంకా తయారవలేదు" అని నవ్వేవాడు. అలాంటి మనిషి మూడేళ్ల కిందట, వానకు కారుతున్న కార్ఖానా కప్పు చూడ్డానికి ఎక్కి, పుచ్చిపోయిన రేకు మీద అడుగు వేశాడు. చావు తప్పి కన్ను లొట్టబోయిందంటారు. ఇతనికి పోయింది కన్ను కాదు, నడుం కింద కదలికంతా.

మొదటి ఏడాది బాగానే పోరాడాడు. చక్రాల కుర్చీ తెచ్చారు. ఒక సాయంత్రం చెల్లెలు అతన్ని అందులో కూర్చోబెట్టి వీధి చివరిదాకా తోసుకెళ్లింది. ఎదురుగా కార్ఖానాలో అతని కింద పని నేర్చుకున్న మనిషి వచ్చాడు. వచ్చినవాడు కుర్చీలో ఉన్నవాణ్ణి పలకరించవచ్చు కదా? లేదు. కుర్చీ వెనక ఉన్న ఆమె మొహం చూస్తూ, "ఎలా ఉంటున్నాడమ్మా? తింటున్నాడా?" అని అడిగాడు. పోతూ పోతూ ఇతని తల మీద నుంచే చెయ్యి ఊపాడు. అంతే. ఇంటికి వచ్చి మంచమెక్కినవాడు మళ్లీ కుర్చీ ఎక్కలేదు. రెండేళ్లు. కుర్చీ మూలన పడింది. దాని మీద టైలరమ్మ కుట్టాల్సిన బట్టలు గుట్టగా పేరుకున్నాయి.

వారానికోసారి వచ్చి చూసిపోయే నర్సు మొహమాటం లేని మనిషి. ఆ ఏడాది మొదట్లో ఒకరోజు టైలరమ్మను వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది.

"చూడమ్మా, వీపు మీద పుండు లోతుకు దిగుతోంది. ఊపిరితిత్తుల్లో గురగుర మొదలైంది. రోజుకు నాలుగు గంటలైనా లేచి కూర్చోవాలి. పడుకునే ఉంటే పడుకున్నట్టే పోతాడు. ఏడాదో, ఏడాదిన్నరో. నేను దాచి చెప్పను."

"చెప్పి చూశానండీ. వినడు."

"వినేట్టు చెప్పు మరి."

ఆ రోజు ఆమె వినేట్టు చెప్పడానికి చేయని ప్రయత్నం లేదు. బతిమాలింది, తిట్టింది, ఏడ్చింది, కంచం పెట్టనని బెదిరించింది. అతను గోడవైపు తిరిగి అంతా విన్నాడు. చివరికి విసుగొచ్చి గోడకే జవాబు చెప్పాడు.

"ఒక పని చెయ్. అదిగో, ఆ సైకిలుంది కదా. దాని మీద రెండొందల కిలోమీటర్లు, పదమూడున్నర గంటల్లో తొక్కిరా. ఆ రోజు నేను కుర్చీలో కూర్చుంటా. పో."

ఇది పందెం కాదు. కుక్క తోక వంకర పోయినప్పుడు చూద్దాంలే అని చెప్పే పద్ధతి. ఆ సైకిలు అతనిదే, ముందు గది గోడకు కొక్కేనికి వేలాడుతూ ఉంది. ఏటా ఒక సైకిలు క్లబ్బువాళ్లు పెట్టే ఆ రెండొందల కిలోమీటర్ల సవారీ అతను నాలుగుసార్లు చేశాడు. పోటీ కాదు, కప్పుల్లేవు. చేతికి ఒక కార్డు ఇస్తారు, దారిలో బల్లలు వేసుకుని కూర్చున్నచోటల్లా ముద్ర వేస్తారు, గడువులోపల వస్తే పూర్తయినట్టు. ఇక టైలరమ్మ సంగతంటారా, ఆమె సైకిలు తొక్కడం దుకాణానికీ ఇంటికీ మధ్య, అదీ చిన్నప్పటి సైకిలు మీద, అదీ ఎత్తు వస్తే దిగి నడిపిస్తూ.

"మాటేనా?" అంది.

అతను ఎగతాళిగా నవ్వాడు. "మాటే."

మనుషులు నిరాశలో ఏ కొమ్మ దొరికితే ఆ కొమ్మ పట్టుకుంటారు. అది ఎండు కొమ్మా పచ్చి కొమ్మా అని చూసే ఓపిక ఉండదు. ఆమె పట్టుకుంది.

సవారీకి పదినెలలు ఉంది. ముందుగా సైకిలు షాపు పెద్దాయన దగ్గరికి వెళ్లింది. ఆ క్లబ్బు నడిపేదీ ఆయనే, అన్న పాత స్నేహితుడు. ఆయన సీటు కిందికి దించి, హ్యాండిలు ఆమెకు అందేట్టు మార్చి, కొత్త టైర్లు వేశాడు. అంతా విని, కాసేపు గొలుసుకు నూనె రాస్తూ కూర్చుని, "మీ అన్నయ్య మొండిఘటం. నువ్వు అంతకంటే మొండివి. చూద్దాం" అన్నాడు. హ్యాండిలుకు తగిలించుకునే చిన్న మీటరు ఒకటి ఇచ్చాడు. చక్రం ఒకసారి తిరిగితే ఎంత దూరమో అందులో నొక్కిపెడితే, అది తిరిగిన చుట్లు లెక్కపెట్టి దూరమూ వేగమూ చూపిస్తుంది. "చక్రం కొలిచి ఆ అంకె పెట్టుకో. నీకు కొలతలు నేనేం నేర్పాలి?" అన్నాడు.

తప్పు ఇక్కడే జరిగింది. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత దాచానని నన్ను తిట్టుకోవద్దు.

టైలరమ్మ టేపు పాతది. చివర్న ఉండే ఇత్తడి రేకు ఎప్పుడో ఊడిపోయి, మొదటి అంగుళం పీలికలైతే కత్తెరతో కోసి పారేసింది. కొత్త టేపులు బిరుసుగా ఉంటాయని, ఒంటికి అతుక్కోవని ఆ టేపునే వాడేది. ఒకటో గీత దగ్గర మొదలుపెట్టి కొలవడం, వచ్చినదాంట్లో ఒకటి తీసేయడం. నడుం ముప్పై ఐదు వస్తే ముప్పై నాలుగు అని రాసుకోవడం. పన్నెండేళ్లుగా ఈ తీసివేత ఆమె చెయ్యే చేసేది, బుర్ర దాకా వెళ్లేది కాదు. కానీ మనిషి నడుం టేపుకు ఒక్కసారిలో అందుతుంది. సైకిలు చక్రం అందదు. టైరు మీద సుద్దతో గీత గీసి, టేపు చుట్టింది. అరవై దగ్గర టేపు అయిపోయింది. అక్కడ ఇంకో గీత గీసి, మళ్లీ ఒకటో గీత నుంచి మొదలుపెట్టింది. ఇరవై ఆరు వచ్చింది. అరవై, ఇరవై ఆరు, ఎనభై ఆరు. అలవాటు ప్రకారం ఒకటి తీసేసింది. ఎనభై ఐదు.

రెండుసార్లు కొలిచింది కాబట్టి రెండు తీసేయాలి. ఎనభై నాలుగు. పక్క గదిలోనే మిల్లీమీటరు ఉన్నాడు, ఒక్క మాట అడిగితే అర నిమిషంలో పట్టేసేవాడు. ఆమె అడగలేదు. వెటకారం చేస్తాడని భయం. అలా మీటరు ప్రతి ఎనభై నాలుగు అంగుళాలనూ ఎనభై ఐదుగా చెప్పడం మొదలుపెట్టింది. ఆమె తొక్కనిది తొక్కినట్టు చూపించింది.

మొదటిరోజు తెల్లవారుజామున బయల్దేరి ఆరు కిలోమీటర్లు తొక్కి వచ్చింది. వచ్చి గుమ్మం ముందు మెట్ల మీద కూలబడింది. పక్క వాటాలో ఉండే పిన్ని పళ్లు తోముకుంటూ చూసింది.

"ఏమ్మాయ్, ఎవరైనా తరిమారా?"

"లేదు పిన్నీ. సైకిలు తొక్కొచ్చా."

"నీ వయసుకి నేను మోకాళ్లకు నూనె రాసుకుంటూ కూర్చున్నా. నువ్వేమో సైకిలెక్కుతున్నావ్. ఉన్న అన్నని చూసుకోవడానికే నువ్వున్నావ్, నువ్వూ పడితే మిమ్మల్ని ఇద్దర్నీ చూసుకోడానికి నేనున్నా అనుకున్నావా ఏంటి?"

అన్నది కానీ, వారం తిరక్కుండా తనే తాళంచెవి అడిగి తీసుకుంది. రెండు గంటలకోసారి అన్నను పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, లేకపోతే పుండు పెరుగుతుంది. టైలరమ్మ లేనప్పుడు ఆ పని పిన్నిది. నోరు చేదు, చెయ్యి తీపి.

ఆరు కిలోమీటర్లు పదిహేనయ్యాయి, పదిహేను ముప్పై. గిడ్డంగుల వెనకాల లారీలు తిరిగే రోడ్డు ఒకటుంది, పొద్దున్నే ఖాళీగా ఉంటుంది. అక్కడే రౌండ్లు కొట్టేది. ఆ రోడ్డు మీద కిలోమీటరు రాళ్లు లేవు. ఉంటే ఈ కథ వేరేలా ఉండేదేమో. సీటు ఒరిసి తొడలు పుండ్లు పడ్డాయి. అందుకు ఆమె దగ్గర మందు ఉంది. పాత కోట్ల భుజాల్లోంచి తీసేసిన మెత్తలు దుకాణంలో ఒక సంచీ నిండా ఉన్నాయి, ఎవరి భుజాలు ఎత్తుగా కనబడాలని పెట్టినవో. వాటిని నాలుగు కలిపి ప్యాంటు లోపల కుట్టుకుంది. మొదటి కుట్టు సరిగ్గా కూర్చునే ఎముక కిందికి వచ్చింది, ఒళ్లు హూనమైంది. విప్పి కుట్టు బయటివైపుకు మార్చింది. మళ్లీ విప్పి ఇంకా బయటికి మార్చింది. ఇరవై రెండేళ్లుగా ఊరందరి ఒళ్లకూ బట్టలు సరిచేసిన మనిషికి తన ఒంటికి ఒక ప్యాంటు సరిచేసుకోవడానికి ఐదువారాలు పట్టింది.

ఐదో నెలలో ఒక పొద్దున సైకిలు గుమ్మం దాటిస్తుంటే లోపలి గదిలోంచి గొంతు వినిపించింది.

"గేరు మార్చేటప్పుడు బలంగా తొక్కకు. గొలుసు ఏడుస్తోంది."

రెండేళ్లలో అతను అడగకుండా చెప్పిన మొదటి మాట అది. ఆమెకు గుమ్మంలోనే కళ్లు చెమర్చాయి. అంటే వింటున్నాడు, రోజూ వింటున్నాడు. ఆ పొద్దున నలభై తొక్కాల్సింది యాభై ఐదు తొక్కింది.

తర్వాత కొన్నాళ్లు అడపాదడపా ఏదో ఒకటి చెప్పేవాడు. దాహం వేయకముందే తాగు. ఎత్తు ఎక్కేటప్పుడు పైకి చూడకు, ముందు చక్రం చూడు. కానీ దూరం పెరిగినకొద్దీ ఆ మాటలు తగ్గాయి. ఎనిమిదో నెలలో ఆమె వచ్చి, "అన్నయ్యా, ఇవ్వాళ నూట ఇరవై" అని చెబితే "ఊఁ" అన్నాడు. "నూట యాభై అయిందిరోయ్" అని సంబరంగా చెప్పినరోజు ఆ ఊఁ కూడా లేదు. దుప్పటి మెడదాకా లాక్కున్నాడు. ఆమె అది అలక అనుకుంది. తన సైకిలు మీద ఇంకొకరు ఊరేగుతుంటే ఎవరికి బాధుండదు అని సరిపెట్టుకుంది. ఎంత దగ్గరివాళ్లయినా సరే, మనకు కావాల్సిన అర్థమే వాళ్ల మొహంలో చదువుకుంటాం.

ఈలోగా పుండు పెద్దదయింది. రెండుసార్లు జ్వరం వచ్చి తగ్గింది. నర్సు వచ్చినప్పుడల్లా పెదవి విరిచేది. దగ్గితే గదంతా గురగురలాడేది. సవారీకి పదిరోజుల ముందు టైలరమ్మ కాగితం మీద లెక్క వేసుకుంది. పొద్దున్న ఐదింటికి మొదలు. తన వేగం ప్రకారం, మధ్యలో కూర్చునే సమయం కలుపుకొని, సాయంత్రం ఆరూ ఇరవైకి ముగింపు. గడువు ఆరున్నర. పది నిమిషాలు చేతిలో ఉన్నాయి. ఆ పదినిమిషాల మీద ఒక మనిషి ప్రాణం ఆనించి, ఆ కాగితం మడిచి మీటరు వెనక అంటించింది.

ముందురోజు సాయంత్రం మంచం అంచున కూర్చుంది.

"అన్నయ్యా, నీ మాట గుర్తుందా?"

"ఏ మాట?"

"ఏ మాటేంటి?"

అతను గోడవైపు తల తిప్పుకున్నాడు. "గుర్తుంది" అన్నాడు.

మర్నాడు పొద్దున ఐదింటికి సైకిలు షాపు ముందు నుంచి ముప్పై మందిదాకా బయల్దేరారు. అందరిలోకీ వయసులో ఆమె చిన్నదీ కాదు, పెద్దదీ కాదు. భుజాల మెత్తల మీద కూర్చున్నది మాత్రం ఆమె ఒక్కతే. పది నిమిషాల్లో అందరూ ముందుకు వెళ్లిపోయారు. ఒక్కతే మిగిలింది. ఆమెకు అదే నయం. ముద్రల బల్ల మొదటిది వచ్చింది, రెండోది వచ్చింది. కాగితం మీద రాసుకున్నట్టే మీటరు నడుస్తోంది. అరటిపండు తింది, నీళ్లు తాగింది, ఎత్తు వస్తే ముందు చక్రం చూసింది. దుకాణం పుట్టాక మొదటిసారి పగలంతా ఆకాశం కింద ఉంది. సంతోషంగా ఉందని ఒప్పుకోవడానికి సిగ్గేసింది.

పదకొండున్నరకు మీటరు సరిగ్గా వంద చూపించింది. వెనక్కి తిరగాల్సిన బల్ల అక్కడ ఉండాలి. లేదు. రోడ్డు ఉంది, రెండు పక్కలా పొలాలున్నాయి. బల్ల లేదు. దారి తప్పానా అనుకుంది. తొక్కుతూనే ఉంది. ఇంకో ఐదు నిమిషాలకు, కిలోమీటరు పైన దాటాక, చెట్టు నీడన బల్లా, గొడుగూ, సైకిలు షాపు పెద్దాయనా కనిపించారు.

"బల్ల ముందుకు జరిపారేంటండీ?" అంది దిగకుండానే.

"జరపలేదమ్మా. వంద ఇక్కడే. నిన్న రెండుసార్లు చూసుకున్నాం. అందరి మీటర్లూ వందే చూపించాయి." ఆయన వంగి ఆమె మీటరు చూశాడు. "నీదేంటి, నూట ఒకటి పాయింటు రెండు అంటోంది? చక్రం కొలత ఎంత పెట్టావు?"

"ఎనభై ఐదు అంగుళాలు."

"ఈ టైరుకి ఎనభై నాలుగే కదమ్మా."

ఆమె వేళ్ల మీద లెక్కవేసింది. అరవై, ఇరవై ఆరు. ఒకటి తీసేసింది. ఒక్కటే తీసేసింది. చెయ్యి చేసే తీసివేత మొదటిసారి బుర్రలోకి వచ్చింది, అదీ ఇక్కడ, ఇప్పుడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు మీటరును రెండు చేతులా పట్టుకుని నిలబడింది. వందకు కిలోమీటరూ రెండు వందల మీటర్లు. రెండొందలకు రెండు కిలోమీటర్ల నాలుగువందల మీటర్లు. తన వేగానికి అది తొమ్మిది నిమిషాలు. చేతిలో ఉన్న పదిలో ఒక్కటి మిగిలింది. పదినెలలుగా తను అనుకున్నంత వేగంగా తను ఎప్పుడూ తొక్కలేదు. తన అన్నకు చెప్పిన ప్రతి అంకే కొంచెం అబద్ధం.

"ఒక నిమిషం ఉంది నాకు" అంది పెద్దాయనతో, ఆయనకు అర్థమైనా కాకపోయినా. కార్డు మీద ముద్ర వేయించుకుని, పదినిమిషాలు కూర్చోవాల్సినచోట కూర్చోకుండా వెనక్కి తిరిగింది.

ఆ పది నిమిషాలు మిగిలాయని సంబరపడింది కాసేపు. దేవుడు ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేత్తో లాక్కుంటాడు. మధ్యాహ్నం రెండింటికి ఎదురుగాలి మొదలైంది. పెద్ద గాలేం కాదు, చెట్లను ఊపే గాలి కాదు. చొక్కా పొట్టకు అంటుకునేంత గాలి. అది చాలు. మిగిలిన పదీ కరిగాయి, ఇంకో నాలుగూ కరిగాయి. నూట అరవై దగ్గర కాళ్లు కొయ్యబారాయి. నూట డెబ్భై దగ్గర పిక్క పట్టేసి రోడ్డు పక్కన పడి, దాన్ని గుద్దుకుంటూ, "కదులు, నీకేం రోగం, కదులుతావు కదా నువ్వు" అని తన కాలిని తనే తిట్టింది. ఆ మాట తన నోట విని తనకే ఏడుపొచ్చింది. కాలు కదిలింది. మళ్లీ ఎక్కింది.

చివరి పెద్ద ఎత్తు దగ్గర దిగి నడిపిద్దామనిపించింది. దిగలేదు. నోట్లో ఇనుము రుచి వచ్చింది. ఊరి గిడ్డంగులు కనబడ్డాయి. ఆరూ ఇరవై ఎనిమిదికి మీటరు రెండు వందలు చూపించింది. ఆ మీటరు నిజమైతే రెండు నిమిషాలు మిగుల్చుకుని గెలిచినట్టే. కానీ షాపు ఇంకా రెండు కిలోమీటర్ల పైన ఉంది. ఆరున్నర దాటడం ఆమె ఒక కూడలిలో ఎర్రదీపం కింద నిలబడి చూసింది.

చేరేసరికి ఆరూ ముప్పై ఏడు. షాపు ముందు నలుగురైదుగురున్నారు, చప్పట్లు కొట్టారు. తిరుగు బల్ల నుంచి కారులో ముందే వచ్చేసిన పెద్దాయన లేచి వచ్చి సైకిలు పట్టుకున్నాడు. ఆమె దిగి నేల మీద కూర్చుంది. జీవితంలో మొదటిసారి రెండొందల కిలోమీటర్లు తొక్కిన మనిషి, ఓడిపోయినవాళ్లలా తల రెండు మోకాళ్ల మధ్య పెట్టుకుంది.

"ఏడు నిమిషాలు" అంది.

పెద్దాయన కార్డు తీసుకుని చివరి ముద్ర వేశాడు. సమయం రాసే గడి దగ్గర పెన్ను ఆగింది. ఆయన సంగతంతా తెలిసినవాడు. జేబులు తడుముకున్నాడు. కళ్లజోడు ముక్కు మీదే ఉంది.

"కళ్లజోడు ఎక్కడో పెట్టానమ్మా, అక్షరాలు ఆనడం లేదు. ఆ గడి నువ్వే నింపుకో" అని కార్డూ పెన్నూ ఆమె చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయాడు.

ఆమె ఆ ఖాళీ గడి చూసింది. కొలతలో ఎవరినీ ఎప్పుడూ మోసం చేయని మనిషి. కానీ కొలత తప్పితే మళ్లీ కుట్టొచ్చు, అన్న పోతే మళ్లీ తేలేదు. 'ఆరూ ఇరవై ఎనిమిది' అని రాసింది. నా మీటరు చెప్పిందే కదా రాశాను అనుకుంది. కార్డు చొక్కా జేబులో పెట్టుకుంది.

ఇంటిదాకా సైకిలు నడిపించుకుంటూనే వెళ్లింది. దారంతా రేపటి పని ఆలోచించింది. కుర్చీ మీద బట్టలు తీసేయాలి. చక్రాలకు గాలి కొట్టించాలి. మొదటిరోజు అరగంట చాలు, కిటికీ దగ్గర, వీధిలోకి వద్దు. ఏడున్నరకు తలుపు తీసింది. పిన్ని ఆమెను చూసి నోరు నొక్కుకుని మెట్లు దిగిపోయింది.

అన్న మెలకువగా ఉన్నాడు. తలగడ మీద తల ఎత్తి, గుమ్మంవైపే చూస్తున్నాడు. దీపం వెలుగు మొహం మీద పడుతోంది. ఆమె చెయ్యి జేబు మీదికి వెళ్లింది.

"అయిందా?" అన్నాడు.

నుదుటి మీద చెమట. కుడిచెయ్యి మంచం పక్క కడ్డీని ఎంత గట్టిగా పట్టుకుందంటే, వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి. ఎత్తులో నిలబడి కిందికి చూసేవాళ్లు అలా పట్టుకుంటారు. ఆ మొహంలో ఆమె ఆశ కోసం వెతికింది, పదినెలలు చదువుకున్న ఆశ కోసం. అక్కడ ఉన్నది భయం. ఒట్టి భయం. పొద్దున్న ఐదింటి నుంచీ అతను ఆమె రాక కోసం కాదు ఎదురుచూసింది. ఆమె గెలిచి రాకూడదని చూశాడు. ఆ కుర్చీ, ఆ వీధి, తల మీద నుంచి మాట్లాడే జనం, ఇంకా ఎన్ని ఏళ్లో తెలియని బతుకు, అవన్నీ ఆమె సైకిలు మీద తెస్తోందని వణికిపోతూ పద్నాలుగున్నర గంటలు పడుకున్నాడు.

ఇప్పుడు కార్డు తీసి చూపిస్తే అతను కూర్చుంటాడు. మాట తప్పే మనిషి కాదు. ఉరికంబం ఎక్కినట్టు ఎక్కి కూర్చుంటాడు.

ఆమె చెయ్యి జేబు మీద నుంచి కిందికి దిగింది.

"కాలేదు అన్నయ్యా. ఏడు నిమిషాలు లేటు."

అతని వేళ్లు కడ్డీని వదిలాయి. ఒక్కొక్కటీ వదలడం ఆమె చూసింది. తల తలగడ మీదికి వాలింది. పెద్ద ఊపిరి తీసి, దగ్గి, ఆమెవైపు తిరిగాడు. నవ్వాడు. రెండేళ్లుగా చూడని నవ్వు.

"ఏడు నిమిషాలేనా? పిచ్చిదానా, మొదటిసారి నాకు నలభై నిమిషాలు లేటయింది తెలుసా? దిగులు పడకు. ఆ చివరి ఎత్తు దగ్గర దిగావా?"

"దిగలేదు."

"దిగలేదూ!" అతను నిజంగానే పొంగిపోయాడు. "నేను దిగాను. మొదటి రెండుసార్లూ దిగాను. రా, ఇలా కూర్చో. గాలి ఎటు నుంచి కొట్టింది?"

ఆమె కూర్చుని చెప్పింది. గాలి, పిక్క పట్టేయడం, ఎర్రదీపం, అన్నీ. టేపు సంగతి కూడా చెప్పింది. కడుపు పట్టుకుని నవ్వాడు. "రెండుసార్లు పెట్టావు, రెండు తియ్యాలి కదే" అన్నాడు, చిన్నప్పుడు లెక్కలు చెప్పిన గొంతుతోనే. ఆకలేస్తోందన్నాడు. కంచంలో పెట్టింది పెట్టినట్టు తిని, ఇంకొంచెం పెట్టించుకున్నాడు. ఒక గంటసేపు ఆ గదిలో మూడేళ్ల కిందటి అన్న ఉన్నాడు. ఆమె ఏం చేసినా తేలేకపోయిన మనిషిని ఆమె ఓటమి తెచ్చింది.

"వచ్చే ఏడాది కొట్టేస్తావులే" అన్నాడు నిద్రలోకి జారుతూ.

"ఊఁ" అంది.

వచ్చే ఏడాది ఉండదని ఇద్దరికీ తెలుసు. అతను తేలిగ్గా నిద్రపోయాడు. ఆమె వంటింట్లోకి వెళ్లి, కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. ఆ ఏడుపు ఏడు నిమిషాల కోసం కాదు. పదినెలలు ఒంటినిండా పుండ్లు చేసుకుని తను తొక్కింది అతన్ని బతికించడానికైతే, ఈ రాత్రి తను ఒక్క మాటతో అతనికి ఇచ్చింది పోవడానికి సెలవు. ఇచ్చింది తనే, ఎవరూ బలవంతపెట్టలేదు. ఆ సెలవు అందుకుని అతను ఎంత హాయిగా తిన్నాడో ఆమె చూసింది.

కొళాయి కట్టేసింది. కార్డు తీసి నాలుగు ముక్కలు చేసి చెత్తలో వేసింది. తర్వాత ముందు గదిలోకి వచ్చి, కుర్చీ మీది గుట్టలోంచి మర్నాడు పొద్దున్నే ఇవ్వాల్సిన ప్యాంటు ఒకటి లాగి, పొడవు తగ్గించడానికి కూర్చుంది.